గ్రహణం నాటి జామకాయ

శ్రీకూర్మం వెళ్ళొచ్చామని మా స్కూల్లో చెప్పాను, వీధిలో చెప్పాను, ప్రసాదం కూడా పంచిపెట్టాను. అది అబద్ధం కాదు గానీ అందులో నిజం కొంచెమే. శ్రీకూర్మంలో మేమున్నది ఒక్క పూట. మిగతా రోజులు కళింగపట్నంలో, పిల్లలు కలగని ఆడవాళ్ళ కోసం పెట్టిన ఒక శిబిరంలో ఉన్నాం. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం నాకు కొత్త కాదు. అంతకు ఎనిమిదేళ్ళ ముందు చెప్పని మాట ఇంకొకటి ఉంది. ఈ ప్రయాణం గురించి రాయాలంటే ముందు అది రాయాలి.

నేను బొబ్బిలి దగ్గర ఒక ఊళ్ళో హైస్కూలు మాస్టారిని. భౌతికశాస్త్రం చెబుతాను. ఇంటి పొలం ఉంది, వరి పండిస్తాం. పెళ్ళైన రెండో ఏడు నా భార్య గౌరి కడుపుతో ఉన్నప్పుడు సూర్యగ్రహణం వచ్చింది. మా అమ్మ ఆమెను లోపలి గదిలో చాప మీద పడుకోబెట్టి, కదలొద్దు, కత్తి ముట్టొద్దు అని చెప్పి తలుపు చేరవేసింది. ముందు రోజే నేను తరగతిలో టార్చిలైటు ముందు బంతి పట్టుకుని, గ్రహణమంటే ఒక నీడ తప్ప మరేమీ కాదని పిల్లలకి చూపించి వచ్చాను. ఆ ఊపు ఇంకా దిగలేదు. గదిలోకి వెళ్ళి ఒక దోరజామకాయ కోసి ఉప్పూ కారం జల్లి పెట్టమన్నాను. గౌరి భయపడింది. నేను చెబుతున్నాను కదా అన్నాను. కత్తిపీట నేనే తెచ్చి ముందు పెట్టాను. ఆమె కోసింది, ఇద్దరం తిన్నాం. అమ్మ వచ్చి తలుపు తీసేసరికి కత్తిపీట దగ్గర గౌరి ఒక్కతే ఉంది. నేను చెయ్యి కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్ళాను.

కొద్దిరోజులకే గర్భం పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన పూట అమ్మ అడిగింది.

"కత్తిపీట ముందర ఎవులు కూకోమన్నారే నిన్ను?"

గౌరి నా వైపు చూసింది. నా చేతిలో పేపరు ఉంది. చదవడం లేదు, పట్టుకుని ఉన్నాను.

"నాకే తినాలనిపించినాది అత్తా" అంది గౌరి.

మళ్ళీ కడుపు రాలేదు. గ్రహణం వల్ల గర్భం పోదని నాకు తెలుసు కాబట్టి ఆ నేరం ఎవరి మీద ఉంటేనేం అని సర్దుకున్నాను. నేను చేసిన తప్పుల్లో అన్నిటికంటే తెలివైనది ఇదే. తెలివితో చేసింది కాబట్టే అన్నేళ్ళు నిలబడింది.

విజయనగరంలో డాక్టరమ్మ

మా ఊరి నుంచి శ్రీకాకుళం వైపు పోవాలంటే రాజాం మీదుగా దగ్గర. కానీ మేం ముందు విజయనగరం వెళ్ళాం. గౌరిని చూస్తున్న డాక్టరమ్మ అక్కడుంటుంది. జిల్లాలు ఇంకా విడిపోని రోజులు, ఏ పనున్నా మాకు విజయనగరమే దిక్కు.

బస్సు కిక్కిరిసి ఉంది. నిలబడ్డవాళ్ళు చంకలోని పిల్లల్ని కూర్చున్నవాళ్ళ ఒళ్ళో పెట్టడం మా వైపు బస్సుల్లో మామూలే. అడగరు, పెట్టేస్తారంతే. గజపతినగరంలో ఎక్కిన ఒకామె అలాగే తన పిల్లని గౌరి ఒళ్ళోకి దించబోయింది. గౌరి కిటికీ వైపు ముడుచుకుపోయింది. నేను చేతులు చాచి తీసుకున్నాను. ఆ పిల్ల విజయనగరం దాకా నా చొక్కా గుండీ నములుతూనే ఉంది. కొత్త చీర పాడవుతుందని గౌరి వెనక్కి తగ్గిందనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

ఆర్టీసీ కాంప్లెక్సు ఎదురుగా ఇడ్లీ తిన్నాం. ప్లేటు పాతిక రూపాయలు, అల్లం చట్నీ కావలసినంత. మా ఊళ్ళో ఆ డబ్బుకి ఇద్దరు తినొచ్చు గానీ ఆ చట్నీ రాదు.

డాక్టరమ్మ మా ఇద్దరి పరీక్షలూ మళ్ళీ చూసి, పట్టుకోదగ్గ లోపం కనబడలేదని, వైద్యం ఇంకోసారి మొదలుపెడదామని అంది. అయితే ముందు కళింగపట్నంలో మూడు రోజుల శిబిరం ఉంది, వెళ్ళి రమ్మంది. శ్వాస, ఒంటిని వదులు చెయ్యడం, మనసులో పాతుకుపోయిన మాటల్ని బయటికి తీసి చూసుకోవడం, ఇవీ అక్కడ నేర్పేవి. నేను వెంటనే అడిగాను, దానివల్ల పిల్లలు పుడతారా అని. పుడతారని ఎవరైనా చెబితే నమ్మకండి, అది వైద్యం బదులు కాదు, ఈవిడ మోస్తున్న బరువు తగ్గడానికి అంది. తర్వాత నా వైపు తిరిగి, భర్త రాకపోతే వాళ్ళు చేర్చుకోరని చెప్పింది. నాకెందుకండీ అన్నాను నవ్వుతూ. ఆమె నవ్వలేదు.

శ్రీకూర్మం తాబేళ్ళు

శ్రీకాకుళంలో దిగి, ఎలాగూ దారే కదా అని శ్రీకూర్మం వెళ్ళాం. స్వామి కూర్మరూపంలో ఉంటాడు, పడమటి వైపు చూస్తాడు. ధ్వజస్తంభాలు రెండు. మా వైపు గుళ్ళలో ఒకటే కాబట్టి నేను రెండోదాని దగ్గర కూడా నిలబడి దండం పెట్టుకున్నాను. గౌరి మొదటిదాని దగ్గరే ఉండిపోయింది. చాలాసేపు ఉంది.

గుడి ఆవరణలో తాబేళ్ళను పెంచుతారు. వీపు మీద చుక్కలు తీర్చినట్టుంటాయి. బయట ఆకుకూర అమ్ముతారు, కట్ట పది రూపాయలు. ఒకటి కొని గౌరికి ఇచ్చాను. తీసుకోలేదు.

"నువ్వే పెట్టు మావా" అంది. పెళ్ళైన నాటి నుంచి నన్ను మావా అనే పిలుస్తుంది.

భయమా అని వేళాకోళం చేశాను. ఆకులమ్మే ముసలమ్మ మమ్మల్ని చూస్తూనే ఉంది. గౌరి రెండు చేతులూ పైట కింద దాచుకుని నిలబడటం చూసి, "ఏటి బావూ, నీ ఆడమనిషి కన్నా తాబేలు నయం. అదైనా తిండికి తల బయటెడతాది" అంది. ముగ్గురం నవ్వాం. గౌరి కూడా నవ్వింది, చేతులు బయటికి తియ్యకుండానే.

తిరిగొచ్చాక ఆ నవ్వు నాకు చాలాసార్లు గుర్తొచ్చింది. పైట కింద చేతులు పెట్టుకునే అలవాటు ఎనిమిదేళ్ళుగా నా కళ్ళ ముందే ఉంది. అణకువ అనుకున్నాను. మా అమ్మతో ఒకసారి మెచ్చుకున్నాను కూడా.

కళింగపట్నం

గార మీదుగా ఆటోలో వెళ్ళాం. ఊరు కనబడకముందే ఎండుచేపల వాసన ఎదురొచ్చింది. ఇసుక మీద నెత్తళ్ళు పరిచి ఉన్నాయి. మా ఊళ్ళో కళ్ళం మీద ధాన్యం ఎండబెట్టి, ఆడవాళ్ళు కాళ్ళతో తిరగేసినట్టే ఇక్కడా తిరగేస్తున్నారు. కాకుల్ని తోలడానికి కర్రలు కూడా అవే. ఆ పోలిక గౌరి చెప్పింది. ప్రయాణంలో ఆమె తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అది.

శిబిరం తుఫాను షెల్టరు భవనంలో. తుఫాను లేనప్పుడు ఊరి పెళ్ళిళ్ళూ సభలూ అక్కడే జరుగుతాయట. కింద ఒక పెద్ద గది, వెనకవైపు అరుగు, అరుగు మీదికి తెరుచుకునే కిటికీలు. నడిపించేది మీనాక్షిగారు. మనస్తత్వశాస్త్రం చదివి, ఆసుపత్రుల్లో చాలా ఏళ్ళు పని చేసిన మనిషి. చేతికి గడియారం తప్ప మరేమీ లేదు. వచ్చిన వెంటనే కట్టుబాటు చెప్పింది: ఆడవాళ్ళు గదిలో, మగవాళ్ళు కిటికీల అవతల అరుగు మీద. కిటికీలు తెరిచే ఉంటాయి. మగవాళ్ళు అన్నీ వినాలి, ఒక్క మాట మాట్లాడకూడదు. ఇష్టం లేని ఆడవాళ్ళు తమ కిటికీ మూయించుకోవచ్చు. ఎవరూ మూయించలేదు. గౌరి మూయిస్తుందని ఎదురుచూశాను. ఎందుకు ఎదురుచూశానో అప్పుడు నాకే తెలీదు.

అరుగు మీద నా పక్కన కూర్చున్నది దానయ్య, ఆ ఊరివాడే, సముద్రం మీదికి వేటకు వెళ్ళే మనిషి. అతని భార్య ఎర్రమ్మ శ్రీకాకుళం మార్కెట్టుకి చేపలు తీసుకెళ్ళి అమ్ముతుంది. పెళ్ళై పదేళ్ళు, పిల్లల్లేరు. మొదటి పూట లోపల శ్వాస నేర్పుతుంటే దానయ్య ఊరుకోలేదు.

"గాలి పీల్సుకోడానికీ బడి ఎట్టినారు మాస్టారూ. రేపు నిద్దరోడానికి ట్యూషన్ ఎడతారు" అన్నాడు. లోపల్నుంచి ఎర్రమ్మ వినేసింది. "ఒరే, నోరు ముయ్యమన్నారు కదా, గురకొక్కటే వొచ్చు నీకు" అంది. కట్టుబాటు మొదటి గంటలోనే తప్పినందుకు మీనాక్షిగారు కూడా నవ్వేసింది.

ఆ తర్వాత నవ్వు లేదు. అందరినీ చాపల మీద పడుకోబెట్టి, ఒక్కో భాగాన్ని గట్టిగా బిగించి ఊపిరితో పాటు వదలమంది. పాదాలు, పిక్కలు, పొట్ట. చివరికి పిడికిళ్ళు. గౌరి నా కిటికీకి ఎదురుగానే పడుకుంది. బిగించమంటే బిగించింది. వదలమంటే అందరివీ విచ్చుకున్నాయి. గౌరివి విచ్చుకోలేదు. మీనాక్షిగారు పక్కన కూర్చుని, తొందర లేదమ్మా అంది. గౌరి కళ్ళు మూసుకునే ఉంది, కణతల మీద నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. పిడికిళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి.

భోజనానికి నెత్తళ్ళ పులుసు. ఎర్రమ్మే వండింది. మా వైపు చింతపండు పులుసులో బెల్లం వేస్తాం, అక్కడ వెయ్యరు. దానయ్య నాకు రెండోసారి వడ్డించి, మాస్టారికి ముల్లు తియ్యడం రాదని ఊరంతా వినేలా చెప్పాడు. ముల్లు గొంతులో దిగింది కూడా. అన్నం ముద్దలు మింగి బయటపడ్డాను.

అరుగు మీద విన్నవి

రెండో రోజు పొద్దున మీనాక్షిగారు ఒక్కొక్కరినీ అడిగింది. పిల్లలు లేకపోవడం గురించి నీ లోపల పదే పదే తిరిగే మాట ఏది, అది ఒంట్లో ఎక్కడ తగులుతుంది అని.

మొదట ఎర్రమ్మ. చేపల బుట్ట దగ్గర బేరమాడే గొంతు కాదది.

"నాను ఎదురొస్తే పడవకి సేప దొరకదమ్మా. అందుకని ఈడు వేటకెల్లే యేలకి ముసుగెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంటాను. పడవలు ఎల్లిపోనాక లేస్తాను."

ఎవరన్నారలా అని మీనాక్షిగారు అడిగితే, ఎవులూ అననేదు, అనకముందే నానే తప్పుకున్నాను అంది. ఎక్కడ తగులుతుందంటే, ఈపులో, అంది.

నేను దానయ్య వైపు చూశాను. నోరు తెరిచి, కిటికీ ఊచ పట్టుకుని ఉన్నాడు. నా చెవిలో, మాట్లాడకూడదని మరిచిపోయి, "నిద్దరోతన్నాదనుకున్నాను మాస్టారూ" అన్నాడు. "బద్దకం ముండ అని పడవ మీద అందరికీ సెప్పి నవ్వీవోణ్ణి." తర్వాత భోజనాల దాకా అతను నోరు విప్పలేదు. దానయ్య నోరు విప్పకపోవడం ఎంత పెద్ద సంగతో ఒక్క రోజు పరిచయంలోనే నాకు తెలుసు.

తర్వాత గౌరి.

"నా సెయ్యి మంచిది కాదమ్మా" అంది.

అంత మెల్లగా అంది, నేను కిటికీకి చెవి ఆనించవలసి వచ్చింది. చెప్పుకుంటూ పోయింది. ఆవకాయ కలిపేటప్పుడు ఉప్పు ఇంకొకరి చేత వేయిస్తుంది. తోటికోడలి పిల్లల్ని చూపుతోనే ముద్దాడుతుంది, ముట్టుకోదు. ఆవు ఈనే రోజు పుట్టింటికి పోతుంది. పూలమొక్క నాటదు. కొత్త కోడలిగా వచ్చిన ఏడు, నారు పోసే మా ఆకుమడిలో మొదటి గుప్పెడు విత్తనం చల్లింది ఆమే. ఆ ఏడు పంట చూసి మా అమ్మ ఊరందరితో మా కోడలి చెయ్యి మంచిదని చెప్పుకుంది. ఇప్పుడు విత్తనం చల్లే రోజు గౌరి పొలం గట్టు కూడా ఎక్కదు.

నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. ఆ ఎనిమిదేళ్ళూ ఉన్నాను. వీటిలో ఒక్కటి కూడా చూడలేదు. చూసినవాటికి వేరే పేర్లు పెట్టుకున్నాను: భయం, అణకువ, చీర పాడవడం.

ఎప్పటి నుంచి అని అడిగింది మీనాక్షిగారు. గౌరి గ్రహణం గురించి చెప్పింది. లోపలి గది, చాప, చేరవేసిన తలుపు, దోరజామకాయ, ఉప్పు, కారం, అన్నీ ఉన్నాయి. నేను లేను.

"నాకే తినాలనిపించినాది. కోసీసినాను."

నేను కిటికీ అవతలే ఉన్నానని ఆమెకు తెలుసు. నాలుగడుగుల దూరంలో ఉన్నానని తెలుసు. తెలిసే, అంతమంది ముందు, నన్ను ఆ గదిలోంచి బయటికి పంపేసి తలుపు వేసింది. కట్టుబాటు ప్రకారం నేను మాట్లాడకూడదు. నిజం చెప్పాలంటే, ఆ కట్టుబాటు ఉన్నందుకు ఆ క్షణంలో సంతోషించాను. అలా సంతోషించిన మనిషిని చూసి నేనే నివ్వెరపోయాను.

ఎవరి గొంతు

మధ్యాహ్నం మీనాక్షిగారు ముందు ఒక సంగతి తేల్చి చెప్పింది. కడుపు నిలవకపోవడానికి గ్రహణమూ కత్తీ కారణం కావని, మొదటి నెలల్లో పోయే గర్భాలు తల్లి ఏం తిన్నా ఏం కోసినా పోయేవేనని. గౌరి తలూపింది. ఆ సంగతి తనకూ తెలుసంది, మా ఆయన బడిపిల్లలకి ఆ పాఠమే చెబుతాడంది. అరుగు మీద కొందరు నన్ను చూశారు.

"తెలిసినా చెయ్యి వినడం లేదు కదమ్మా" అంది మీనాక్షిగారు. "అయితే చెయ్యినే అడుగుదాం."

కళ్ళు మూసుకుని, పొట్ట మీద చేతులు పెట్టుకుని, మెల్లగా ఊపిరి వదులుతూ ఆ మాటని మళ్ళీ అనమంది. అన్న తర్వాత వెంటనే తోసెయ్యకుండా కాసేపు వినమంది. అది ఎవరి గొంతుతో వినిపిస్తోందో చెప్పమంది. ఒకామె అత్తగారి గొంతు అంది. ఎర్రమ్మ తన గొంతే అంది. మా అమ్మ పేరు వస్తుందని నేను కాచుకుని కూర్చున్నాను. రావాలనే కోరుకున్నానేమో.

గౌరి వంతు వచ్చింది.

"ఎవులి గొంతూ నేదమ్మా" అంది. "ఎవులో ఊరుకున్నట్టు వినిపిస్తాది."

ఎప్పుడో చదువుతున్నట్టు నటించిన ఆ పేపరు నా చేతిలో ఇంకా ఉన్నట్టే అనిపించింది. అమ్మ అడిగింది ఒక్కసారి. నేను ఊరుకున్నది ఎనిమిదేళ్ళు. ఆమె వింటున్నది అమ్మ మాట కాదు, నన్ను.

మీనాక్షిగారు ఆ ఊరుకున్నదెవరని అడగలేదు. ఇదే మాట మీ చెల్లెలు తన చెయ్యి గురించి అంటే ఏం చెబుతారని అడిగింది. గౌరికి చెల్లెలుంది. గౌరి ఉన్నట్టుండి మామూలు గొంతుతో, పెద్దక్కలా, "ఒసే పిచ్చిదానా, జామకాయ కోసిన సెయ్యేనే అది, పీక కోసిన సెయ్యి కాదు" అంది. గదంతా నవ్వింది. తనూ నవ్వింది. ఆ నవ్వులోనే ఏడుపు వచ్చింది, ఎర్రమ్మే దగ్గరికి జరిగి గౌరి తలని తన ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత మళ్ళీ పిడికిళ్ళు బిగించి వదలమన్నారు. కుడిచెయ్యి విచ్చుకుంది. ఎడమది సగం.

సముద్రం ఒడ్డున

సాయంత్రం ఇద్దరం ఒడ్డుకు వెళ్ళాం. లైట్‌హౌసు నీడ ఇసుక మీద పొడుగ్గా పడి ఉంది. చెప్పులు విడిచి నీళ్ళ దగ్గర కూర్చున్నాం. ఎలా మొదలుపెట్టాలో తెలీక, ముందు దగ్గాను.

ఆ రోజు కొయ్యమన్నది నేనే కదా గౌరీ, నా పేరెందుకు చెప్పలేదు అన్నాను. ఆమె మరిచిపోయి ఉంటుందని ఒక మూల ఆశ ఉండేది. ఏళ్ళ తరబడి ఒకే మాట చెబితే మనిషి అదే నమ్ముతాడని తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను.

"మరిసిపోతానేటి" అంది. "కత్తిపీట తెచ్చినావు. ఉప్పు నువ్వే అందించినావు. అత్త అడిగినప్పుడు సెప్తావని నీకేసి సూసినాను. పేపరు అడ్డెట్టుకున్నావు. సర్లే, రేపు సెప్తాడనుకున్నాను."

"తర్వాత?"

"తర్వాత రేపు అనుకోడం మానీసినాను."

కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే బావుండేది. కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు చెప్పింది. నేను అప్పుడే అక్కడే క్షమించమని అడగబోయాను. చెయ్యెత్తి ఆపింది. చాలా ఏళ్ళ తర్వాత ఆ చెయ్యి పైట బయట చూశాను.

"నాకు సెప్పి ఏటి లాభం మావా? నాకు తెలిసినదే కదా. తెలియనోళ్ళకి సెప్పు. నా సెయ్యి సెడ్డదని ఎక్కడ అన్నారో అక్కడ సెప్పు. సెప్పలేవనుకో, ఊరుకో. గానీ ఇక్కడ సెప్పీసి తేలికైపోకు."

ఈలోపు పెద్ద కెరటం వచ్చి నా చెప్పులు పట్టుకుపోయింది. గౌరివి పైన ఉన్నాయి, దక్కాయి. నేను నీళ్ళలోకి పరుగెత్తి ఒకటి దొరకబుచ్చుకుని, రెండోది దొరక్క, ఆ ఒకటి కూడా విసిరేశాను. గౌరి పగలబడి నవ్వింది. నేను ఇసుకలో ఉత్తకాళ్ళతో వెనకాలే నడిచాను.

ఎచ్చెర్ల దగ్గర

మూడో రోజు మధ్యాహ్నానికి శిబిరం అయిపోయింది. బయల్దేరేముందు దానయ్య మాకు ఎండు నెత్తళ్ళు పొట్లం కట్టి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. ఆ వేకువన కూడా అతను వేటకు వెళ్ళొచ్చాడట. వెళ్ళేముందు ఎర్రమ్మని లేపి, ఎదురు రమ్మని వీధి చివర నిలబెట్టి, ఆమె మొహం చూసి మరీ పడవెక్కాడు. చేపలు పడ్డాయా అని అడిగాను.

"నేదు మాస్టారూ, ఎప్పట్లాగే. నిన్నా నేదు, మొన్నా నేదు. ఇది ముసుగెట్టుకున్నా నేదు, తీసినా నేదు" అని పెద్దగా నవ్వాడు.

శ్రీకాకుళంలో తొంభై రూపాయలకి హవాయి చెప్పులు కొన్నాను. ఒక సైజు చిన్నవి, అవే ఉన్నాయన్నాడు. ఎచ్చెర్ల దాటాక రాజాం వైపు బస్సు మారాం. కాలేజీ పిల్లలు పుస్తకాలు గుండెకి హత్తుకుని ఎక్కారు, వాళ్ళ వెనక చంటిపిల్లతో ఒకామె ఎక్కి, అడగకుండానే గౌరి ఒళ్ళో పెట్టబోయింది. నేను అలవాటుగా చేతులు చాచాను. గౌరి నా చేతులు పక్కకి నెట్టింది. పిడికిళ్ళు రెండూ ఒకసారి గట్టిగా బిగించి, ఊపిరితో పాటు వదిలింది. ఒళ్ళోకి తీసుకుంది గానీ చేతులు ఇంకా సీటు అంచునే పట్టుకుని ఉన్నాయి. రాజాం వచ్చేవేళకి ఒక చెయ్యి ఆ పిల్ల పాదం మీద ఉంది. పాదం మీదే, అంతకంటే పైకి పోలేదు.

నేను కిటికీలోంచి చూస్తూ, ఇంటికి పోగానే అమ్మతో చెప్పాలనుకున్నాను. ఇల్లు చేరాక అమ్మ ప్రసాదం అడిగింది. ప్రసాదం ఇచ్చాను. చెప్పలేదు.

మా ఆకుమడి

తొలకరి పడింది. నారు పోసే రోజు వచ్చింది. మడి దున్ని, చదును చేసి, నీళ్ళు పల్చగా నిలిపి ఉంచారు. నానబెట్టి మండెకట్టిన విత్తనాలు మొలకెత్తి గంపలో తెల్లగా మెరుస్తున్నాయి. అమ్మ గట్టు మీద పసుపు కుంకాలు పెట్టింది. పనికొచ్చిన ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు. తమ్ముడి భార్య రవణమ్మ కొంగు నడుముకి దోపుకుంది, ఏటా మొదటి గుప్పెడు ఆమెదే కాబట్టి.

ఆ ఏడు గౌరి కూడా వచ్చింది. పిలవకుండా వచ్చి, గట్టుకి ఇవతల నిలబడింది. చేతులు పైట కింద ఉన్నాయి. నా వైపు చూడలేదు. చూసి ఉంటే నాకు తేలికయ్యేది.

"రావే రవణా, నీ సేత్తో మొదలెట్టు" అంది అమ్మ.

రవణమ్మ గంపలో చెయ్యి పెట్టింది. చిన్నవైన హవాయి చెప్పులు విడిచేసి బురదలోకి దిగాను.

"అమ్మా, ఆగు. గ్రహణం నాడు గౌరిని కత్తిపీట ముందర ఎవులు కూకోమన్నారని అడిగినావు నువ్వు. నానే. కత్తిపీట తెచ్చినదీ నానే, తిన్నదీ నానే."

పనివాళ్ళు చేతులు ఆపేశారు. అమ్మ నన్ను, గౌరిని, మళ్ళీ నన్ను చూసింది. ముసలి మొహం ఒక్కసారి పాలిపోయింది. "అప్పుడు సెప్పకపోనావేటిరా" అంది. "ఇన్నాళ్ళూ దీన్ని..." అని ఆగిపోయి, గట్టు మీదే కూర్చుండిపోయింది.

గ్రహణానికీ గర్భానికీ సంబంధం లేదన్న పాఠం నా నాలుక చివర దాకా వచ్చింది. మింగేశాను. అది ఆ రోజు చెప్పవలసింది కాదు. గంప రవణమ్మ దగ్గర తీసుకుని గౌరి ముందు, గట్టు మీద పెట్టాను. అందరూ వింటున్నారు. వినాలనే గట్టిగా అన్నాను.

"గౌరీ, నీ సేతిలో ఏ దోసమూ నేదు. అత్త అడిగిననాడు నువ్వు నాకేసి సూసినావు, నాను పేపరు అడ్డెట్టుకున్నాను. నోరు ఇప్పనేదు. నా పిరికితనం నీ సేతులకి అంటించినాను. తప్పు నాది. నన్ను సెమించు."